సరస్వతి ఆకు ఎవరి పుస్తకంలో ఉన్నది?

(అశోక్ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న ఆదివాసీ విద్యార్థుల ఆదివారం కూడికలో మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్లు అడుగుతున్నరని రాసి పెడుతున్నం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)



ఆదివారం పూట చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో సీటు వదులుకొని వచ్చిండ్రు. ఆ సీటు విలువ ఎంతో నాకు తెలుసు. పొద్దున్నే పోయి పుస్తకం పెట్టుకోకపోతే మళ్ల సాయంత్రం దాకా మెట్లమీదనే గతి. అందుకే మీ టైం ఎక్కువ తీసుకోను. ఒక్క ఆకు గురించి మాట్లాడుత.

నారాయణగూడ నుంచి అశోక్ నగర్ దాకా నడుచుకుంట రండి. కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, జిరాక్స్ షాపులు, స్టడీ హాళ్లు, టిఫిన్ బండ్లు. నడుమ నడుమ మెడికల్ షాపులు, ఆయుర్వేద దుకాణాలు. ఆ అద్దాల వెనక సరస్వతి లేహ్యం, సారస్వతారిష్టం, బ్రాహ్మి గోలీలు, ఏవేవో పొడులు. అట్టపెట్టె మీద పుస్తకం పట్టుకున్న పిల్లగాడు, లేదంటే వెలుగుతున్న మెదడు బొమ్మ. అవి ఎవరి కోసం పెట్టినరు? మన కోసమే. పన్నెండు గంటలు కూర్చొని చదివినా సాయంత్రానికి ఏదీ గుర్తుకు లేదని భయపడేది మనమే గదా.

ఆ భయం గురించి ముందు ఒక మాట. 2022 అక్టోబర్ 16న గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ల రాసినం. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కూడా కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. అదే పాలిటీ, అదే ఎకానమీ మూడుసార్లు కంఠస్థం చేసిన మనిషికి జ్ఞాపకశక్తి తక్కువ అని ఎవడన్నా అంటే నమ్మకండి. ఆ రెండుసార్లు పరీక్ష పోయింది మన మతిమరుపు వల్ల కాదు.

ఇప్పుడు ఆకు దగ్గరికి వద్దాం. మీలో చాలామంది దీన్ని చూసే ఉంటరు, పేరు తెలియకపోవచ్చు. వాగు ఒడ్డున, పొలం గట్టున, ఊటనీళ్లు తగిలే చోట నేల మీద పాకుతది. సన్నటి తీగ, కణుపు కణుపుకు వేరు దిగుతది. ఒక్కో కణుపు దగ్గర పొడుగాటి కాడ, దాని మీద గుండ్రటి ఆకు. సరిగ్గా చూస్తే పూర్తి గుండ్రం ఉండదు, కాడ కలిసే చోట లోపలికి నొక్కుకొని మూత్రపిండం ఆకారంలో ఉంటది. అంచు చుట్టూ చిన్న చిన్న గంట్లు. పువ్వు ఆకు కిందనే దాక్కుంటది, లేత గులాబీ రంగు, వంగి చూస్తే తప్ప కనపడదు. తెలుగులో సరస్వతి ఆకు, సంస్కృతంలో మండూకపర్ణి, తమిళంలో వల్లారై. శాస్త్రీయ నామం సెంటెల్లా ఏసియాటికా. లిన్నేయస్ 1753లో దీనికి హైడ్రోకొటైల్ ఏసియాటికా అని పేరు పెడితే, 1879లో ఉర్బన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇప్పటి పేరుకు మార్చిండు. కుటుంబం అపియేసీ, అంటే కొత్తిమీర కుటుంబం. జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్ అన్నీ దీని చుట్టాలే. (జనరల్ సైన్స్‌లో బిట్ వస్తే నాకు టీ తాగించాలె.)

నకళ్లు ఎక్కువ గనక ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. నర్సరీల కుండీల్లో గొడుగు లెక్క గుండ్రటి ఆకుల మొక్క ఒకటి అమ్ముతరు. దాని కాడ ఆకు నట్టనడుమ అతుక్కొని ఉంటది. అది ఇది కాదు. ఎలుకచెవి ఆకు కూడా నేల మీద ఇట్లనే పాకుతది, దానికి పసుపు పువ్వులు. ఇంకా పెద్ద గందరగోళం బ్రాహ్మి అనే పేరుతోటి. ఉత్తరాదిన చాలాచోట్ల మన సరస్వతి ఆకునే బ్రాహ్మి అంటరు. కేరళలో బ్రాహ్మి అంటే బకోపా అనే వేరే మొక్క. మందంగా ఉండే చిన్న ఆకులు, కుటుంబమే వేరు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా ఈ తగువు తెంపింది: బ్రాహ్మి అంటే బకోపా, మండూకపర్ణి అంటే సెంటెల్లా. కాబట్టి షాపులో బ్రాహ్మి డబ్బా కొన్నప్పుడు దాని వెనక చిన్న అక్షరాల్లో ఏ మొక్క పేరు రాసిందో చదవండి. కరెంట్ అఫైర్స్ అంత శ్రద్ధగా చదివేటోళ్లం, ఇది చదవలేమా?

పని చేస్తదా అన్నా, అని అడుగుతరు. సూటిగా చెప్త. ఈ ఆకులో ఏసియాటికోసైడ్, మడెకాసోసైడ్ అనే పదార్థాలున్నయి. పుండ్లు మానడంలో, చర్మం మీద వాటి పనితనం చాలాకాలంగా తెలిసిందే. 1940లలో మడగాస్కర్‌లో ఫ్రెంచ్ పరిశోధకులు కుష్ఠు పుండ్ల మీద దీన్ని వాడి చూసినరు, తర్వాత దాని నుంచే మడెకాసోల్ అనే మందు వచ్చింది. జ్ఞాపకశక్తి సంగతి వేరు. అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ కలిపి థాయ్‌లాండ్ పరిశోధకులు 2017లో ఒక సమీక్ష అచ్చేసినరు. ఉత్తుత్తి గోలీ వేసుకున్నవాళ్లతో పోలిస్తే జ్ఞాపకశక్తిలో, తెలివిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మనిషి కొంచెం చురుగ్గా ఉండడం, కోపం తగ్గడం మాత్రం కనపడింది. చిన్న మేలేం కాదు. ఫలితాల రోజు మన రూముల్లో కోపం తగ్గించే ఆకు ఉంటే మంచిదే. కానీ ర్యాంకు తెచ్చే ఆకు అని చెప్పి అమ్మేవాడు మీ నాన్న అమ్మిన పత్తి పైసలు ఊరికే గుంజుకుంటున్నడు.

గోలీలతో ఇంకో జాగ్రత్త. 2005లో అర్జెంటీనా వైద్యులు సెంటెల్లా మాత్రలు వారాల తరబడి వాడిన ముగ్గురు స్త్రీలకు కాలేయం దెబ్బతిన్నదని రాసినరు. కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు, కడుపుతో ఉన్న అక్కచెల్లెళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. పప్పులో గుప్పెడు ఆకు వేసుకొని తినడం వేరు, గాఢంగా తీసిన సారం రోజూ మింగడం వేరు. శ్రీలంకలో దీన్ని గొటుకొల అంటరు, కొబ్బరి వేసి పచ్చిగానే కలుపుకొని అన్నంలో తింటరు. వియత్నాంలో రసం తీసి తాగుతరు. మా ఇంట్ల పప్పులోనే వేసేది. మా అవ్వ దాన్ని కోసుకొచ్చేటప్పుడు సరస్వతి అని ఎన్నడూ అనలేదు, జ్ఞాపకశక్తి అని కూడా అనలేదు. వానాకాలం దొరికే కూర, అంతే.

ఇక్కడ నాలాల పక్కన ఎక్కడన్నా కనపడిందని తెంపుకొచ్చి వండుకోకండి. ఈ మొక్క నేలలో, నీళ్లలో ఉన్న సీసం, జింకు లాంటి లోహాలను పీల్చి తనలో పెట్టుకుంటది. అందుకే కాలుష్యం ఎంతుందో కొలవడానికి మలేసియాలో దీన్నే వాడి చూసినరు. మన అశోక్ నగర్ పక్క నుంచి మూసీలోకి పోయే హుస్సేన్ సాగర్ నాలా నీళ్లు ఎట్లుంటయో వేరే చెప్పాల్నా? ఆకు ఒకటే, అది తాగిన నీళ్లు వేరు.

ఇప్పుడు అసలు మాట.

చరక సంహితలో బుద్ధికి బలమిచ్చే నాలుగు మందులు చెప్పినరు. మండూకపర్ణి రసం, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. మొదటిది మన వాగొడ్డు ఆకే. అదే గ్రంథం మొదటి అధ్యాయంలో ఇంకో మాట ఉన్నది, దాన్ని ఏ లేహ్యం డబ్బా మీదా వెయ్యరు. మేకలు కాసేటోళ్లు, గొర్లు కాసేటోళ్లు, పశువులు కాసేటోళ్లు, అడవిలో ఉండేటోళ్లు మొక్కలను పేరుతోటి, రూపంతోటి ఎరుగుదురు అని ఆయనే ఒప్పుకున్నడు. అంటే ఆయన కాలానికే ఈ తెలివి మనలాంటోళ్ల దగ్గర ఉన్నది. మొక్కలు ఎక్కడుంటయో, ఏది ఏదో మన నుంచే తెలుసుకున్నరు. ఆ వెంటనే ఇంకోటి అంటడు: పేరు, రూపం తెలిసినంత మాత్రాన చాలదు, ఎట్ల వాడాలో తెలిసినవాడే అసలు తెలిసినవాడు అని.

ఆ రెండు మాటల నడుమ గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు. గీతకు ఈ పక్క మనం, మొక్కను చూపించేటోళ్లం. ఆ పక్క వైద్యుడు, తర్వాత శాస్త్రవేత్త, తర్వాత కంపెనీ. మా ఊర్లో పాము కరిస్తే, ఎముక విరిగితే, బాలింతకు పాలు రాకపోతే ఏ ఆకు ఎంత వేయాలో, ఎప్పుడు వేయకూడదో చెప్పేటోళ్లు ఉన్నరు. ప్రతిసారీ పని చేస్తదా అంటే, చెయ్యదు, దవాఖానకే పోవాలె. కానీ వాళ్లకు వాడకం తెలియదు, ఆకు చూపెట్టుడే తెలుసు అనేది అబద్ధం.

ఈ గీత పాత పుస్తకంలోనే ఆగితే ఇంత దూరం చెప్పకపోదును. అది చట్టంలోకి వచ్చింది. జీవవైవిధ్య చట్టం 2002 మీరు చదివిందే. చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ, రాష్ట్రంలో బోర్డు, ఊర్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. కంపెనీ జీవవనరును వాడుకొని సంపాదిస్తే కాపాడినవాళ్లకు వాటా ఇవ్వాలనేది దాని సారం. దేశీ కంపెనీలకు అది వర్తించదని దివ్య ఫార్మసీ వాదిస్తే, వర్తిస్తదని ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 డిసెంబర్‌లో తీర్పు చెప్పింది. మంచి తీర్పు, చదవండి. ఐదేండ్లు తిరగకముందే 2023లో చట్టాన్నే సవరించినరు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సవరణలో క్రోడీకరించిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు మినహాయింపు ఇచ్చినరు. క్రోడీకరించిన జ్ఞానం అంటే ఏంది? 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న ప్రామాణిక గ్రంథాల నుంచి వచ్చిన జ్ఞానం. ఆ గ్రంథాల జాబితాలో చరక సంహిత ఉన్నది.

అర్థమైందా? మండూకపర్ణి ఆ పుస్తకంలో ఉన్నది కాబట్టి దాని జ్ఞానం పుస్తకానిది. పుస్తకానికి ఎవరూ వాటా ఇయ్యక్కర లేదు. పుస్తకానికి చెప్పినవాళ్ల పేరు చట్టంలో లేదు.

ఇక్కడ ఎవరన్నా నన్ను ఆపి అడగొచ్చు, ఈ ఆకు మనదొక్కటేనా అని. కాదు. కొలంబో నుంచి హనోయ్ దాకా తింటున్నరు, తమిళనాడులో కూరగాయల బజారులో కట్టలు అమ్ముతరు. ఇది ఆదివాసీలే కనిపెట్టినరని నేను అనను, మీరు కూడా ఎక్కడా అనకండి. నిరూపించలేని మాట మీద ఉద్యమం నిలబడదు. నేను అడిగేది రెండే. అడవిలో, వాగుల్లో దాన్ని కోసి ఎండబెట్టి ఇచ్చే మనిషికి ఎంత ముడుతున్నది? ఏ పుస్తకంలోనూ లేని, మన ఊర్లల్ల మాత్రమే ఉన్న వాడకాలు రేపు ఎవరి పేరు మీద పోతయి?

మొదటి ప్రశ్నకు ప్యాకెట్ వెనకనే జవాబుంటది. కంపెనీ అడ్రస్, లైసెన్స్ నంబర్, గడువు తేదీ. ఏ అడవి, ఏ ఊరు అని ఎక్కడన్నా చూసినరా? ఆన్‌లైన్‌లో సికా క్రీములని కొరియా నుంచి వచ్చేవి చూడండి, మన హాస్టల్ అక్కచెల్లెళ్లకు బాగనే తెలుసు. అది సరస్వతి ఆకే. వాళ్లు దీనికి పులి గడ్డి అని పేరు పెట్టినరు, గాయపడ్డ పులి దీనిమీద పొర్లాడి పుండు మాన్పుకుంటదని కథ. మన కవ్వాల్‌లో పులి కోసమని మైసంపేట, రాంపూర్ ఊర్లను అడవి బయటికి తరలించినరు. పులి పేరు చెప్పి ఒకచోట మనిషిని పంపుతున్నరు, ఇంకోచోట డబ్బా అమ్ముతున్నరు.

రెండో ప్రశ్నకు కేరళ వెళ్దాం. 1987లో అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలు సర్వేకు పోయినరు. దారి చూపించే కాణి యువకులు ఏదో కాయ తింటూ అలుపు లేకుండా ఎక్కుతున్నరు. ఏందది అని అడిగితే ముందు చెప్పలేదు, అది తమ తెగ రహస్యం. తర్వాత చెప్పినరు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ దాని నుంచి జీవని అనే మందు తయారు చేసి కోయంబత్తూరు కంపెనీకి లైసెన్స్ ఇచ్చింది. లైసెన్స్ ఫీజులో, రాయల్టీలో సగం కాణీలకు అని ఒప్పుకున్నరు, 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. ప్రపంచమంతా దీన్ని మంచి ఉదాహరణగా చెప్పుకున్నది. కొంతవరకు నిజమే. కానీ తెగ వైద్యులను అడగకుండా ఇద్దరు ముగ్గురు చెప్తే అది అందరి సమ్మతి ఎట్లైతదని కాణీల్లోనే లొల్లి అయింది. మొక్కను అడవి నుంచి కోసి అమ్ముకోబోతే అటవీ శాఖ అడ్డం పడింది. జ్ఞానానికి వాటా ఇస్తమన్నరు, ఆకు మీద చెయ్యి వెయ్యనియ్యలేదు.

మన చేతిలో కాణీలకు అప్పుడు లేనిదొకటి ఉన్నది. అటవీ హక్కుల చట్టం 2006. మనం దాన్ని ఒక మార్కు ప్రశ్నగా చదువుతున్నం. ఏ సంవత్సరం, ఎన్ని హెక్టార్లు, ఏ తేదీకి ముందు సాగులో ఉండాలె. పోడు పట్టా దగ్గర ఆగిపోతున్నం. సెక్షన్ 2(ఐ) చూడండి, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో వెదురు, తేనె, తునికాకుతో పాటు మందుమొక్కలు, మూలికలు అని స్పష్టంగా ఉన్నది. సెక్షన్ 3(1)(సి) వాటి మీద యాజమాన్య హక్కు ఇస్తది. సెక్షన్ 3(1)(కె) ఇంకా ముందుకు పోయి, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధో సంపత్తి హక్కు ఉన్నదంటది. ఈ కె గురించి మన ఊర్లల్ల ఎన్ని గ్రామసభలు తీర్మానం చేసినయి? నేను తిరిగిన ఊర్లల్ల ఒక్కటి కూడా చూడలేదు.

ఇంకోటి, జీవవైవిధ్య రిజిస్టర్. ప్రతి ఊరికి ఉండాలె. 2020 జనవరి 31 లోపు దేశమంతా పూర్తి చెయ్యాలె, లేకపోతే రాష్ట్రానికి నెలకు 10 లక్షల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నది. గడువు తరుముతుంటే రిజిస్టర్లు ఎట్ల నిండుతయో మీకు చెప్పాల్సిన పని లేదు. మీ పంచాయతీలో అడగండి, రిజిస్టర్ చూపించమని. మీ అవ్వ పేరు, మీ ఊరి వైద్యుడి పేరు అందులో ఉన్నదా చూడండి. 2023 సవరణ ప్రకారం సాగు చేసిన మందుమొక్కకు కూడా మినహాయింపు ఉన్నది. అది సాగు చేసిందే అనడానికి మూల ధ్రువపత్రం కావాలె, దానికి ఆధారం ఊరి కమిటీ పుస్తకాలే. అంటే ఆకు తోటలో పండిందా, వాగులో కోసిందా అని చెప్పేది ఆ కమిటీ. అందులో ఎవరు కూర్చున్నరో మనకు తెలవదు. చాలా చోట్ల కూర్చున్నోళ్లకు కూడా తాము కూర్చున్నట్టు తెలవదు.

అందుకే ఈ దసరాకు ఊరికి పోయేటప్పుడు ఒక నోట్‌బుక్ పట్టుకపోండి. పెద్దోళ్ల దగ్గర కూర్చొని అడగండి. మొక్కను మన భాషలో ఏమంటరు, ఆ మాటను తెలుగులోకి మార్చకుండా ఎట్ల పలికితే అట్లనే రాయండి. ఏ కాలంలో, ఎట్లాంటి చోట దొరుకుతది, ఎంత కోస్తే మళ్ల మొలుస్తది. ఎవరు చెప్పినరు, వాళ్లకు ఎవరు నేర్పినరు. మోతాదు, తయారీ మాత్రం వాళ్లు ఒప్పుకుంటేనే రాయండి, వద్దంటే వదిలేయండి. ఫోన్‌లో వీడియో తీసి రీల్ పెట్టొద్దు, చేతులు జోడించి చెప్తున్న. ఒకసారి బయటపడ్డ రహస్యానికి వాటా ఎవడూ ఇయ్యడు. పసుపు మీద అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను 1997లో రద్దు చేయించింది మన పాత పుస్తకాలు, పత్రికలు చూపించే. రాత లేనిదాన్ని కోర్టు వినదు, రాసి బజారులో పెడితే కంపెనీ వింటది. కాబట్టి రాయాలె, గ్రామసభ పెట్టెలో ఉంచాలె. పేజీ మీద తీర్మానం నంబర్, తేదీ వేయించాలె. జీవవైవిధ్య రిజిస్టర్‌లో ఎంత ఎక్కించాలో, ఏది ఎక్కించొద్దో గ్రామసభనే తేల్చాలె.

ఉద్యోగం వచ్చినంక చేద్దామని అనుకోకండి. అప్పటిదాకా చెప్పేటోళ్లు ఉండరు. మా ఊర్లో ముగ్గురు ఉండేటోళ్లు, ఇప్పుడు ఒక్క ముసలాయన మిగిలిండు, ఆయనకు చెవుడు. గట్టిగా అరిచి అడగాలె.

వచ్చే ఆదివారం ఇదే చోట నోట్‌బుక్ నమూనా పేజీ ఇస్తం. చట్టం రెండు సెక్షన్లు తెలుగులో జిరాక్స్ తీయించినం, పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, లైబ్రరీలో సీటు ఎట్లాగూ పోయింది.